ఎంత దూరం దాకా కొట్టొచ్చు? బావ తుపాకీకి, హైదరాబాద్‌లో నా లెక్క

సెప్టెంబరు, మొదటి వారం

మా బావ టెక్సస్‌లో ఉంటాడు. ఈ నవంబరులో మొదటిసారి జింకల వేటకు వెళ్తున్నాడు. అక్కడ వైట్‌టెయిల్ జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, అది చేశాడు. లైసెన్సు తీసుకున్నాడు. స్నేహితుడి రాంచ్ (పశువుల క్షేత్రం) టెక్సస్‌లోని కొండల ప్రాంతం హిల్ కంట్రీలో ఉంది. 0.308 రైఫిల్, స్కోపు కొన్నాడు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న.

"ఎంత దూరం దాకా కొట్టొచ్చు రా? యూట్యూబ్‌ల ఆరొందల గజాలు కొడుతున్నరు. మా రాంచ్ దోస్తు మూడొందలు ఈజీ అంటున్నడు."

నేను హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ పట్టుకునే వాడినే తప్ప వేటగాణ్ని కాను. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ ముచ్చటే లేదు, ఉండాలని కోరికా లేదు. కానీ ప్రశ్న బాగుంది. దీన్ని లెక్కగా, అభ్యాసంగా విడగొట్టి సీజన్ మొదలయ్యేలోగా బావ చేతిలో ఒక చిన్న కార్డు పెట్టాలని అనుకున్నా. అక్క కూడా ఫోన్ లాక్కుని ఒక షరతు పెట్టింది: "గురి తప్పితే తప్పింది. సగం తగిలి ఆ జంతువు అవస్థ పడుతూ పొదల్లో చచ్చిపోకూడదు. ఆ లెక్క వేసి చెప్పు." ప్రాజెక్టుకు స్పెసిఫికేషన్ ఇదే అనుకోవచ్చు.

సెప్టెంబరు, రెండో వారం

ముందు తేలిక పని. బావ దగ్గరున్న పెట్టెలో 150 గ్రెయిన్ (బులెట్ బరువు) సాఫ్ట్ పాయింట్ (తగిలాక ముందుభాగం విచ్చుకునే) బులెట్లు. గొట్టం నుంచి వచ్చేటప్పుడు వేగం సెకనుకు 2820 అడుగులు. బాలిస్టిక్ కోఎఫిషియంట్, అంటే గాలి అడ్డును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత, 0.314. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తే మిగతాది అదే చెబుతుంది.

200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోపు సరిచేస్తే, 100 దగ్గర బులెట్ గురికి 2 అంగుళాలు పైన పోతుంది. 300 దగ్గర 9 అంగుళాలు కిందికి, 400 దగ్గర 27 దాకా కిందికి. అడ్డంగా గంటకు 10 మైళ్ళ గాలి వీస్తే 100 దగ్గర అంగుళం, 200 దగ్గర నాలుగు పైచిలుకు, 300 దగ్గర 10, 400 దగ్గర 20 అంగుళాలు పక్కకు జరుగుతుంది. దూరం రెట్టింపైతే గాలి దెబ్బ నాలుగు రెట్ల పైనే. ఇది గుర్తుంచుకోవాలి, చివరికి కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

జింక పక్కకు తిరిగి నిలబడితే గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 8 అంగుళాల గుండ్రం. వేటగాళ్ళంతా వాడే కొలత ఇది. నిజాంపేటలో మా వీధి చివర బజ్జీల బండివాడిచ్చే పేపర్ ప్లేటును స్కేలుతో కొలిచా. అంచు వదిలేస్తే లోపలి గుండ్రం దాదాపు అంతే ఉంది. బావకు ఫొటో పంపాను: "నీ టార్గెట్ ఇదే. వేరే ఏదీ కొనొద్దు."

ఇక శక్తి సంగతి. జింకకు తగిలే శక్తి వెయ్యి ఫుట్‌పౌండ్లకు తగ్గకూడదని ఒక పాత రూలుంది. ఈ బులెట్‌కు 300 గజాల దగ్గర 1340, 400 దగ్గర కూడా వెయ్యికి కాస్త పైన ఉంటుంది. సాఫ్ట్ పాయింట్ విచ్చుకోవడానికి సెకనుకు 1800 అడుగుల వేగం ఉండాలంటారు. ఆ లెక్కన కూడా 390 దాకా వస్తుంది. అంటే తుపాకీని అడిగితే 400 గజాల దగ్గరకు పొమ్మంటుంది. రాంచ్ దోస్తు "మూడొందలు ఈజీ" అన్నది ఇక్కడి నుంచే వచ్చింది. ఆయన చెప్పింది తుపాకీ గురించి. మా బావ గురించి కాదు.

సెప్టెంబరు, చివర

చిలుకూరు దారిలో మృగవని పార్కుకు వెళ్ళాను. గోల్ఫ్ ఆడే ఆఫీసు మిత్రుడి దగ్గర లేజర్ రేంజ్‌ఫైండర్ అరువు తెచ్చుకున్నా. గోల్ఫ్ వాళ్ళది కాబట్టి అది గజాల్లోనే చూపిస్తుంది, మార్చే పని లేదు. ప్లాట్లు గజాల్లో కొనే ఊరివాణ్ని, గజం నాకూ కొత్త కాదు. పని ఏమిటంటే, చుక్కల దుప్పి కనపడగానే దూరం మనసులో అనుకుని, నోట్‌బుక్‌లో రాసి, అప్పుడు మీట నొక్కడం.

వానలు పడి గడ్డి మోకాలెత్తు ఉంది. కొన్ని సంగతులు వెంటనే పట్టుబడ్డాయి. చెట్టు నీడలో సగం దాగిన దుప్పి ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. ఎండలో బయట నిలబడింది దగ్గరగా అనిపిస్తుంది. మధ్యలో పల్లం ఉండి, ఆ పల్లం అడుగు కనపడకపోతే అవతలి గట్టు మీదున్న జంతువు ఇంకా దగ్గరగా కనిపించి మోసం చేస్తుంది. 100 లోపు నా అంచనా బాగానే ఉంది. 150 దాటాక పదో వంతు తేడా మామూలైపోయింది. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ.

ఆ తేడా ఎంత ఖరీదో లెక్క చూడండి. 350 గజాల దగ్గరున్న దాన్ని 300 అనుకుని కొడితే బులెట్ ఇంకో 8 అంగుళాలు కిందికి పోతుంది. గుండ్రం మధ్యనుంచి అంచుకు ఉన్నది 4 అంగుళాలే. అదే 110ని 100 అనుకుంటే ఏమీ కాదు, ఆ తేడా కనపడనే కనపడదు.

ఇంకోటి కూడా గమనించాను. దుప్పులు పుస్తకాల్లో బొమ్మలాగా పక్కకు తిరిగి నిలబడి ఉండవు. మేస్తూ అడుగు వేస్తాయి, ఆగుతాయి, మళ్ళీ అడుగు వేస్తాయి. ఆ అడుగు ఎప్పుడు పడుతుందో ముందు తెలియదు. తోక ఒకసారి ఆడించి, తల పైకెత్తి, మళ్ళీ దించి, మీరు ఇక నిలబడిందిలే అనుకున్న క్షణంలోనే కదులుతుంది. బులెట్ 300 గజాలు వెళ్ళడానికి 0.38 సెకను పడుతుంది. గంటకు 3 మైళ్ళ నడకతో జింక ఆ లోపు 20 అంగుళాలు ముందుకు పోతుంది. గుండెకు గురిపెట్టిన దెబ్బ పొట్టలో పడుతుంది. 100 గజాలకైతే 0.11 సెకను, 6 అంగుళాలు. కదులుతున్నదాని మీద కాల్చకూడదని కార్డులో మొదటి లైను రాసేశాను, దూరం ఎంతైనా సరే.

టెక్సస్‌లో మన చుక్కల దుప్పులే ఉన్నాయి, 1932లో తీసుకెళ్ళారు. అక్కడ వాటిని ఆక్సిస్ అంటారు, వాటికి సీజన్ కట్టుబాటు కూడా లేదు. మృగవనిలో కొలిచిన అంచనాలు బావకు పనికొస్తాయని చెప్పడానికి నాకు దొరికిన సాకు అది.

అక్టోబరు, మొదట్లో

ఇది నాకు ఇష్టమైన భాగం. 10 మీటర్ల రేంజ్‌లో 200 గజాల వేటను ఎలా చూడాలి? కోణమొక్కటే కావాలి. 8 అంగుళాల గుండ్రం 100 గజాల దగ్గర ఎంత కోణంలో కనపడుతుందో, 10 మీటర్ల దగ్గర 22 మిల్లీమీటర్ల గుండ్రం అంతే కోణంలో కనపడుతుంది. 200 గజాలకు 11 మిల్లీమీటర్లు. 300 గజాలకు 7.4. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ దాదాపు 22 మిల్లీమీటర్లే. తెల్ల కాగితం మీద బిళ్ళ పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి, దాని లోపల 11ది, ఆ లోపల 7.4ది కంపాస్‌తో గీశాను. 0.177 పెల్లెట్ రంధ్రమే నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. 300 గజాల గుండ్రంలో ఆ రంధ్రం పడితే పక్కన దారప్పోగంత ఖాళీ మిగులుతుంది.

మ్యాచ్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఈ ఈవెంట్‌లోనే కాంస్యం తెచ్చాడు. కానీ ఆ ఆటలో బిగుతైన జాకెట్టు, గ్లవ్, ఈక తగిలినా పేలే ట్రిగ్గర్ ఉంటాయి. అడవిలో అవి ఉండవు. అందుకని జాకెట్టు విప్పేసి, క్లబ్బులో పిల్లలు నేర్చుకునే మామూలు రైఫిల్ తీసుకున్నాను. కోచ్ సార్ వచ్చి చూసి, "ఏంటయ్యా, స్కోరు పాడు చేసుకుంటున్నావ్" అన్నారు. సంగతి చెబితే నవ్వి, ఇంకో మెలిక పెట్టారు: "అయితే పది గుంజీలు తీసి, ఊపిరి కుదుటపడకముందే కొట్టు. జింక కనపడితే మీ బావ గుండె అట్లనే కొట్టుకుంటది."

గుంజీలు తీసి, నిలబడి కొట్టినవి రూపాయి బిళ్ళ లోపల కొన్ని, బయట కొన్ని. అంటే నిలబడి, ఏ ఆసరా లేకుండా 100 గజాల జింకను కొట్టే అర్హత నాకు లేదు. రోజూ రేంజ్‌కు వెళ్ళే నాకే లేదు. నేల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళ లోపలి వైపు ఆనించి కొడితే అన్నీ బిళ్ళ లోపలికి వచ్చాయి, 11 మిల్లీమీటర్ల గుండ్రంలోకి మాత్రం సగమే. బల్ల మీద బ్యాగు పెట్టి కొడితే దాదాపు అన్నీ చిన్న గుండ్రంలో కూర్చున్నాయి. ఒకే మనిషి, ఒకే రైఫిల్, ఒకే రోజు. మారింది కూర్చున్న తీరు. "నా గరిష్ఠ దూరం ఇంత" అని ఒకే అంకె చెప్పేవాళ్ళను ఇక నమ్మను.

ఎయిర్ రైఫిల్‌కు 0.308 తన్ను ఉండదు, తన్నుతుందన్న భయంతో కళ్ళు మూసుకోవడమూ ఉండదు. కాబట్టి ఈ ఫలితాలు నాకు దారి చూపించడానికే. అసలు అంకెలు బావ తన రైఫిల్‌తో కాల్చి పంపాలి.

అక్టోబరు, దసరా తర్వాత

డాబా మీద గాలి. వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న ఎనిమోమీటర్ కొన్నాను. మొహం మీద గాలి తగులుతూ ఆకులు గలగలమంటే గంటకు 4 నుంచి 7 మైళ్ళు. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే 8 నుంచి 12. దుమ్ము, కాగితాలు లేస్తే 13 పైన. గాలి వేగాన్ని కంటితో అంచనా వేసే బ్యూఫోర్ట్ పట్టీలో ఉన్నవే ఇవి. ముందు ఊహించి తర్వాత మీటర్ చూసుకుంటూ పోతే, నేను నిలబడ్డ చోట గాలిని 2, 3 మైళ్ళ తేడాతో చెప్పడం వచ్చింది.

చిక్కు అది కాదు. మా డాబా మీద గాలి ఒక రకం, ఎదురు అపార్ట్‌మెంట్ మీద ఆరేసిన చీరలు చెప్పేది ఇంకో రకం, మధ్యలో వీధిలో అసలు ఆకు కదలదు. బులెట్ ఈ మూడింట్లోంచీ పోవాలి. మనకు దగ్గరి గాలి ఎక్కువ లెక్కకు వస్తుంది, మొదట్లో తప్పిన దిక్కు చివరిదాకా పెరుగుతూ పోతుంది కాబట్టి. ధూల్‌పేటలో మాంజా పట్టిన పిల్లాణ్ని అడిగితే ఈ పాఠం నాకన్నా బాగా చెబుతాడు. ప్రోగ్రాంలో గాలి అంచనా తప్పును 4 మైళ్ళుగా పెట్టాను, మొత్తం దారికి. కొత్తవాడికి ఇది ఉదారమైన అంకె కాదు, న్యాయమైన అంకె.

అక్టోబరు, చివరి వారం

బావ పేపర్ ప్లేట్లు పట్టుకుని రేంజ్‌కు వెళ్ళాడు. నేను అడిగింది 5 తూటాల గ్రూపులు, అంటే ఒకే గురికి వరసగా కొట్టిన 5 రంధ్రాలు. 3 తూటాల గ్రూపు ఎప్పుడూ మనల్ని పొగుడుతుంది. 5 తూటాల్లో దూరదూరంగా పడ్డ రెండింటి మధ్య కొలతను 3తో భాగిస్తే గురి చెదరడం ఎంతో ఇంచుమించుగా వస్తుంది. దాంతోపాటు, రేంజ్‌కు వెళ్ళిన ప్రతిసారీ చల్లటి గొట్టంతో వేసే మొదటి తూటాను విడిగా ఒకే కాగితం మీద పోగెయ్యమన్నాను. వేటలో పనికొచ్చేది ఆ మొదటిదొక్కటే.

100 గజాల దగ్గర ఫలితాలు: బల్ల మీద ఆసరాతో ఒకటిన్నర అంగుళం. కూర్చుని షూటింగ్ స్టిక్స్ (రైఫిల్ ఆనించే కర్రలు) మీద 4 అంగుళాలు. నిలబడి 9.

బావ నిలబడి కొట్టిన ప్లేటు ఫొటో పంపి కింద ఏమీ రాయలేదు. అక్క రాసింది: "గోడకు తగిలినవి ఫొటోలో రాలేదు."

ఇక ప్రోగ్రాంలో ఒక్కో దూరానికి పదివేల ఊహా తూటాలు కాల్చాను. ఒక్కో తూటాకు గురి చెదరడం, గాలి అంచనా తప్పు, దూరం అంచనా తప్పు, మూడూ కలిసి ఎటు పడితే అటు. గీత ఎక్కడ గీయాలి? నూటికి 95 ఆ 8 అంగుళాల్లో పడాలని పెట్టాను. అక్క 100 అడిగింది. 100 కావాలంటే ఇంట్లో కూర్చోవాలని చెప్పాల్సొచ్చింది.

స్టిక్స్ మీద: 120 గజాల దగ్గర 95. 150 దగ్గర 85. 200 దగ్గర 60కి కూడా రాలేదు. నిలబడి: 55 గజాలు, అంతే. బల్ల లేదా బ్లైండ్ (వేటగాడు దాక్కుని కూర్చునే చిన్న గది) కిటికీ ఆసరాతో, దూరం లేజర్‌తో కొలిచి: 200 గజాల దగ్గర 95కు అటూ ఇటూ.

మరి ఆ "ఈజీ" మూడొందలు? బల్ల మీద మంచి గ్రూపు, లేజర్ దూరం, అన్నీ బాగున్నా 60. గాలిని 2 మైళ్ళ తేడాతో చదవగలిగితే 85. లేజర్ లేకుండా కంటి అంచనాతో, గాలి తప్పు 4 మైళ్ళతో కలిపితే 32. మూడింట ఒకటి! దూరం సంగతి పదివేల రూపాయల పరికరంతో తీరిపోతుంది. గురి చెదరడం అభ్యాసంతో చాలావరకు తగ్గుతుంది. గాలిని మాత్రం కొనలేం. 200 దాటాక తప్పుల్లో ఎక్కువ వాటా దానిదే.

అక్క షరతు కోసం ప్రోగ్రాంలో ఇంకో నిలువు వరస కలిపాను. 8 అంగుళాల లోపల, ఒంటికి తగిలి గుండ్రం బయట, పూర్తిగా తప్పినవి. వైట్‌టెయిల్ వీపు నుంచి ఛాతీ కిందికి 14 నుంచి 16 అంగుళాలు, పొడవు ఇంకా ఎక్కువ. అందువల్ల దూరం పెరిగేకొద్దీ ముందు పెరిగేవి పూర్తిగా తప్పినవి కావు, గాయాలు. ముఖ్యంగా గాలి పక్కకు నెట్టినవి పొట్టలోకి పోతాయి. పొట్టలో తగిలిన జింక వెంటనే పడిపోదు. వెంటబడితే ఇంకా దూరం పారిపోతుంది కాబట్టి వేటగాళ్ళు గంటల తరబడి ఆగి అప్పుడు జాడ తీస్తారు. ఆ వరస చూశాక బావ ఇంకో మాట అనలేదు. "సరే, రెండొందలు. దాని మీద పోను" అన్నాడు. ఎదురుగా రాంచ్ దోస్తు కూర్చుని ఉన్నాడట, స్పీకర్ ఫోన్‌లో దగ్గు వినపడింది.

అక్టోబరు 31

జీరో గొడవ. 200 గజాల జీరో పెట్టుకుంటే 100 దగ్గర 2 అంగుళాలు పైకి పోతుందని మొదట్లోనే రాశాను. బల్ల మీద కొట్టేవాడికి ఫర్వాలేదు. స్టిక్స్ మీద 4 అంగుళాల గ్రూపు కొట్టేవాడికి ఆ 2 అంగుళాలు ఖరీదైనవి, 100 గజాల దగ్గరే నూటికి 90కి పడిపోతుంది. పెట్టెల వెనక, పత్రికల్లో ఉండే "ఎంత దూరంలో ఉన్నా గుండ్రం మధ్యకే గురిపెట్టు" పద్ధతిలో 8 అంగుళాలు మొత్తం ఖర్చు పెట్టేస్తే ఈ బులెట్ 280 గజాల దాకా వస్తుంది. కానీ ఆ 8 అంగుళాలూ బులెట్ వంపుకే ఇచ్చేస్తే మనిషికి మిగిలేది సున్నా. నాకు ఆ పద్ధతి నచ్చదు.

150కి జీరో చేయమన్నాను. 100 దగ్గర అంగుళం కన్నా తక్కువ పైకి, 200 దగ్గర రెండున్నర కిందికి. బావ వెళ్ళే బ్లైండ్ నుంచి జింకల కోసం మొక్కజొన్న వేసే ఫీడర్ సుమారు 100 గజాలే. హిల్ కంట్రీలో అదే మామూలు. అంటే ఈ రభసంతా లేకున్నా పని జరిగేదేమో. జరగదు, ఎందుకంటే జింక ఫీడర్ దగ్గరకే రావాలని రూలేం లేదు.

కార్డు, రైఫిల్ బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద టేపుతో అంటించమన్నది, ఇలా తేలింది. కదిలితే వద్దు. నిలబడి 50. స్టిక్స్ 100. బ్లైండ్ ఆసరా 200, ఆకులూ రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే 150. జింక ఏటవాలుగా ఉంటే వీటిలో సగం, తిరిగేదాకా ఆగడం ఇంకా మంచిది. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది, కానీ కొమ్మకూ కాలికీ తేడా తెలియని వెలుగులో దూరంతో సంబంధం లేకుండా వద్దు. చివరి లైను అక్కది. నేను 120ని 100కు, 55ని 50కి దించింది కూడా ఆమె పోరు వల్లే.

డిసెంబరు, మొదటి వారం

బావ బ్లైండ్ నుంచి 90 గజాల దగ్గర ఒక ఆడ జింకను కొట్టాడు. కొన్ని అడుగులు పరిగెత్తి పడిపోయిందట. కాబట్టి నా లెక్కకు ఇది పరీక్షే కాదు, ఎవరైనా కొట్టగలిగిన దూరం. నాకు పనికొచ్చిన సమాచారం వేరే ఉంది: ట్రిగ్గర్ నొక్కే ముందు చేతులు ఎంత వణికాయంటే స్కోపులో గీత ప్లేటంత గుండ్రంలో తిరిగిందట. కోచ్ సార్ గుంజీల మాట బావకు పంపించాను. జనవరిలోగా స్టిక్స్ గ్రూపును గుంజీల తర్వాత మళ్ళీ కొలిచి పంపాలి. నా అనుమానం అది 4 నుంచి 6కు పెరుగుతుందని. పెరిగితే 100 కాస్తా 80 అవుతుంది.

పెండింగ్‌లో ఇంకోటి. బావ ఇప్పుడు రాగి బులెట్ల పెట్టె కొన్నాడు. అవి బాగా విచ్చుకోవాలంటే వేగం ఎక్కువ ఉండాలి, 2000 దాకా లెక్కలోకి తీసుకుంటున్నా. మా 200 హద్దుకు అడ్డం రాదు. కానీ బులెట్ మారితే తగిలే చోటు మారుతుంది, కాబట్టి మళ్ళీ జీరో, మళ్ళీ చల్లటి గొట్టం కాగితం, మళ్ళీ గ్రూపులు. ప్లేట్లు అయిపోయాయని, ఇండియన్ స్టోర్‌లో పెద్ద కట్ట తెమ్మంటే అక్క బఫే ప్లేట్లు తెచ్చిందని మెసేజ్ పెట్టాడు. అవి 10 అంగుళాలు. వాటి మీద కొట్టొద్దన్నాను.